తప్పు చెవిదా, వాద్యానిదా? – పెడల్ స్టీల్ గిటారు నేర్పిన పాఠం

మేముండేది టెనెసీ రాష్ట్రంలో. ఈ ప్రాంతంలో ఏ రేడియో పెట్టినా, ఏ భోజనశాలలో కూర్చున్నా, పాట వెనుక నుంచి ఒక తీగవాద్యం జాలిగా జారుతూ వినిపిస్తుంది. స్వరం ఒక చోట పుట్టి, మెట్లు లేని దారిలో నడిచి మరొక చోట వాలుతుంది. మొదటిసారి విన్న మనవాళ్ళు చాలామంది "ఇదేమిటి, గోటువాద్యంలాగా ఉన్నదే!" అంటారు. నేనూ అట్లాగే అన్నాను. దాని పేరు పెడల్ స్టీల్ గిటారు.

నేను వృత్తిరీత్యా యంత్రశాస్త్రం చదువుకున్నవాడిని. సంగీతంలో పండితుడిని కాను. ఉద్యోగ విరమణ దగ్గరపడిన రోజులలో పాత వాద్యమొకటి చౌకగా దొరికితే కొన్నాను. వాయించడం సంగతి అట్లా ఉంచి, దానిని విప్పి, బిగించి, శ్రుతిలో నిలబెట్టడానికి పడిన పాట్లు నా మనస్సులో ఒక అభిప్రాయాన్ని స్థిరపరచినవి. వాద్యాన్ని సరిచేసుకొనడం సంగీతవిద్యలో భాగమే గాని, వేరెవరికో అప్పగించి చేతులు దులుపుకొనవలసిన చిల్లరపని కాదు. ఈ సంగతి తెలియక నేను మా ఇంట్లోనే ఒక పొరపాటు చేశాను. దానిని చివర చెబుతాను. ముందు ఈ వాద్యం కథ చూద్దాం.

నిన్నటి మార్పే నేటి సంప్రదాయం

పంతొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దాలలో హవాయి ద్వీపవాసి జోసెఫ్ కెకుకు గిటారును ఒడిలో పడుకోబెట్టి, ఎడమచేతితో ఉక్కు కడ్డీని తీగలపై జరుపుతూ వాయించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. 1930ల మొదట్లో దానికి విద్యుత్తు తోడయింది. అయితే ఆ ఒడి గిటారుకు ఒక పరిమితి ఉన్నది. కడ్డీ నిటారుగా ఉంటుంది కనుక, తీగలను ఏ స్వరాలకు బిగించామో ఆ స్వరాల మధ్య సంబంధమే ఎక్కడికి జరిపినా ఉంటుంది. వేరే స్వరమేళనం కావాలంటే కడ్డీని ఏటవాలుగా పట్టాలి, లేదా మరొక విధంగా శ్రుతి చేసిన రెండవ వాద్యం పక్కన ఉంచుకోవాలి.

ఈ ఇబ్బందిని తీర్చడానికే పెడళ్ళు పుట్టినవి. 1940 ప్రాంతానికే కొన్ని వాద్యాలకు పెడళ్ళు ఉండేవి. 1948లో పాల్ బిగ్స్‌బీ అనే నిర్మాత స్పీడీ వెస్ట్ అనే వాదకునికి పెడళ్ళున్న వాద్యాన్ని తయారుచేసి ఇచ్చాడు. కాని ఆ రోజులలో పెడల్ పని ఒక శ్రుతి నుంచి మరొక శ్రుతికి మారడమే. 1953 చివరలో వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ' అనే పాటకు బడ్ ఐజాక్స్ స్టీల్ వాయిస్తూ, తీగలు మోగుతుండగానే పెడల్‌ను నొక్కాడు. ఒక తీగ నిలకడగా ఉండగా దాని పక్క తీగలు పైకి పాకి కొత్త మేళనంలో కలిసినవి. 1954లో ఆ పాట జనం నోట పడగానే దేశంలోని స్టీల్ వాదకులందరూ తమ వాద్యాలకు ఆ సదుపాయాన్ని అమర్చుకొనడానికి పూనుకున్నారు.

ఐజాక్స్ పెడల్ రెండు స్వరాలను ఒకేసారి మార్చేది. బడ్డీ ఎమన్స్ (1937–2015) ఆ పనిని రెండు పెడళ్ళకు విడగొట్టి పంచాడు. ఇంచుమించు అదే కాలంలో జిమ్మీ డే కూడా అటువంటి విభజనే చేసుకున్నాడు గాని, పెడళ్ళ వరుస తిరగేశాడు. అందుకే ఈనాటికీ వాద్యం కొనబోతే "ఎమన్స్ వరుసా, డే వరుసా?" అని అడుగుతారు. 1960ల మొదట్లో ఎమన్స్ మరి రెండు తీగలను పైన చేర్చాడు. తరువాత మోకాళ్ళతో నెట్టే మీటలు వచ్చినవి. ఈనాడు నాష్‌విల్‌లో ప్రామాణికమని చెప్పే పది తీగల 'ఈ నైన్త్' అమరిక ఇట్లా అంచెలంచెలుగా ఏర్పడినదే. దానిలో ప్రతి అంశమూ ఒకనాడు ఎవరో ఒకరు సాహసించి చేసిన మార్పే!

ఈ దారి మన దేశానికీ కొత్త కాదు. అదే హవాయి గిటారును బ్రిజ్ భూషణ్ కాబ్రా హిందుస్తానీ సంగీతానికి మలుచుకున్నాడు. 1967లో వచ్చిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' రికార్డులో ఆయన వాదనం ఉన్నది. విశ్వమోహన్ భట్ దానికే చికారీ తీగలు, తరబ్ తీగలు చేర్చి మోహనవీణ అన్నాడు. 1994లో ఆయనకు గ్రామీ పురస్కారం వచ్చింది. వాద్యం దేవుడిచ్చినట్లే ఉండాలనే నియమం ఎక్కడా లేదు.

పాదం నుంచి తీగ దాకా

ఇక యంత్రం సంగతి. వాద్యం కాళ్ళ మీద నిలబడిన సన్నని బల్లలాగా ఉంటుంది. తీగలో మోగే భాగం పొడవు సుమారు 24 అంగుళాలు. ఎడమవైపు బిరడలు, కుడివైపు, సాధారణ గిటారుకు గుర్రం ఉండేచోట, 'ఛేంజర్' అనే యంత్రభాగం. ప్రతి తీగా ఛేంజర్‌లోని ఒక లోహపు 'వేలు' మీదుగా వంగి కొక్కేనికి తగులుకుంటుంది. ఎడమకాలితో పెడల్‌ను నొక్కితే నిలువు కడ్డీ కిందికి లాగుతుంది, బల్ల అడుగున ఉన్న అడ్డు ఇరుసు కొద్దిగా తిరుగుతుంది, ఇరుసుకు బిగించిన చిన్న చేయి – దానిని బెల్ క్రాంక్ అంటారు – పొడుగాటి సన్నని కడ్డీని లాగుతుంది, ఆ కడ్డీ ఛేంజర్‌లోని వేలిని తిప్పుతుంది, తీగ బిగుసుకుంటుంది. కడ్డీ కొసన నైలాన్ మర ఒకటి కుడి చివరి పలకలో నుంచి బయటికి కనిపిస్తుంది. దానిని అలెన్ కీతో తిప్పితే, పెడల్ నొక్కినప్పుడు స్వరం ఎంతవరకు పెరగాలో నిర్ణయించవచ్చును.

సంప్రదాయంగా మొదటి పెడల్ 5, 10 తీగలలోని 'బీ' స్వరాన్ని 'సీ షార్ప్'కు, రెండవ పెడల్ 3, 6 తీగలలోని 'జీ షార్ప్'ను 'ఏ'కు పెంచుతుంది. మన పరిభాషలో 'ఈ'ని షడ్జమం అనుకుంటే, మొదటిది పంచమాన్ని ధైవతానికి, రెండవది అంతర గాంధారాన్ని శుద్ధ మధ్యమానికి తీసుకొనిపోతుంది. రెండూ కలిపి నొక్కితే స-గ-ప మేళనం స-మ-ధ మేళనంగా మారుతుంది. కంట్రీ సంగీతంలో మన హృదయాన్ని కరగించే ఆ జారుడు ఇదే.

సర్దుబాటు క్రమం చెప్పడానికి సులభం, పాటించడానికి కష్టం. మొదట ఏ పెడలూ నొక్కకుండా, నైలాన్ మరకూ ఛేంజర్ వేలికీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉన్నదో లేదో చూడాలి. తరువాత బిరడలతో అన్ని తీగలనూ శ్రుతి చేయాలి. ఆ తరువాతే పెడల్‌ను పూర్తిగా నొక్కి పట్టి, నైలాన్ మరతో పై స్వరాన్ని కలపాలి. వదిలినప్పుడు తీగ మొదటి స్వరానికి సరిగా తిరిగి వచ్చినదా అని చూడాలి. ఎక్కువ స్వరంలో ఆగిపోతే ఖాళీ చాలలేదన్నమాట. వేలు తన స్థానానికి చేరలేదు. తక్కువ స్వరంలో ఆగిపోతే ఎడమవైపు తీగ ఆనుకున్న రోలర్ తిరగడం లేదని అనుమానించాలి. లాగినప్పుడు దాని మీదుగా వచ్చిన తీగ వెనుకకు పోలేకపోయింది. లక్షణం ఒక్కటిగా తోచినా రోగాలు రెండు, మందులు రెండు.

ఏతాం నేర్పిన న్యాయం

మా పాత వాద్యంలో రెండవ పెడల్ బరువుగా ఉండేది. ఇంజనీరును కదా, పుస్తకం చూడకుండానే బల్ల తిరగేశాను. బెల్ క్రాంక్‌కు వరుసగా రంధ్రాలుంటవి. కడ్డీని ఇరుసుకు దగ్గరి రంధ్రంలోకి మార్చాను. పెడల్ పువ్వులాగా తేలికయింది. కాని పెడల్ అడుగుకు తాకిన తరువాత కూడా 'జీ షార్ప్' పెరిగి 'ఏ'ని చేరలేదు!

మన పల్లెలలో ఏతాం ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. ఆనుకు దగ్గరగా కట్టిన బరువును ఎత్తడం తేలిక. కాని అది ఎత్తుకు పోదు. దూరంగా కడితే ఎత్తుకు పోతుంది. కాని ఎత్తడం భారం. బెల్ క్రాంక్‌లో ఇరుసుకు దూరపు రంధ్రం ఎంచుకుంటే పెడల్ ప్రయాణం తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. దగ్గరి రంధ్రం ఎంచుకుంటే బరువు తగ్గుతుంది, ప్రయాణం పెరుగుతుంది. ఛేంజర్ వేలి దగ్గర ఇందుకు తారుమారు. అక్కడ ఇరుసుకు దూరపు రంధ్రమే పెడల్‌ను తేలిక చేస్తుంది, ప్రయాణాన్ని పెంచుతుంది. రెండు లాభాలనూ ఒకేసారి ఇచ్చే రంధ్రం ఎక్కడా లేదు.

నేను దీనిని గ్రహించక, లోటును నైలాన్ మర బిగించి పూడ్చాను. దానితో వెంట్రుకవాసి ఖాళీ పోయింది. పెడల్ నొక్కకపోయినా తీగ ఎక్కువ స్వరంలో మోగింది. ఆ ఎక్కువను బిరడ వదులు చేసి తగ్గించాను. మళ్ళీ పై స్వరం అందలేదు. మళ్ళీ మర బిగించాను. నాలుగు సాయంత్రాలు ఈ గానుగలో తిరిగాను. ఒక తప్పును మరొక తప్పుతో కప్పితే యంత్రం క్షమించదు. చివరకు మా వీధిలో ఉండే ఒక పెద్దాయన, యాభై ఏళ్ళుగా స్టీల్ వాయిస్తున్నవారు, వచ్చి చూసి, మొదట ఏ రంధ్రంలో ఉన్నదో అక్కడికే కడ్డీని మార్చమన్నారు. "మొదట ఎక్కడ ఉన్నదో రాసుకున్నారా?" అని అడిగితే నేను తలవంచుకున్నాను. ఆనాటి నుంచి నోటుపుస్తకం లేకుండా అలెన్ కీ పట్టలేదు.

తీగ ఎందుకు తెగుతుంది?

ఈ వాద్యంలో తరచు తెగేది మూడవ తీగ. మందం ఒక అంగుళంలో వెయ్యింట 11 వంతులు. రెండుసార్లు తెగిన తరువాత, మందంగా ఉంటే గట్టిగా ఉంటుందని 12 వంతుల తీగ వేశాను. అదీ తెగింది. కాగితం తీసుకొని లెక్క వేస్తే నా తెలివితక్కువతనం బయటపడింది.

తీగ పౌనఃపున్యం బిగువు యొక్క వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. కనుక అర స్వరం పెంచాలంటే బిగువును 12 శాతం, పూర్తి స్వరం పెంచాలంటే 26 శాతం పెంచాలి. మన మూడవ తీగ 'జీ షార్ప్'లో సుమారు 12.8 కిలోల బిగువుతో ఉంటే, పెడల్ నొక్కగానే అది 14.4 కిలోలకు పోతుంది. ఇందుకు తీగ సాగేది మిల్లీమీటరులో సుమారు నాలుగింట మూడు వంతులు మాత్రమే! మందమైన తీగ వేస్తే బిగువూ పెరుగుతుంది, ఆ బిగువును మోసే కోత వైశాల్యమూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. చదరపు మిల్లీమీటరుపై పడే భారం మాత్రం మారదు. అది సుమారు 210 కిలోల నుంచి 235 కిలోలకు పోయి, ఉక్కుతీగ తెగే హద్దుకు చేరువలో ఉంటుంది. ఆ భారాన్ని నిర్ణయించేవి తీగ పొడవూ స్వరమూ, మందం కాదు. దీనికి తోడు తీగ ఛేంజర్ వేలిపై వంగినచోట పెడల్ నొక్కిన ప్రతిసారీ వంగి, విప్పారి, అలిసిపోతుంది. చాలావరకు తెగేది అక్కడే. అందుకు మందు మందపు తీగ కాదు. వేలిపై పడిన గాటును నునుపు చేయడం, తెగేదాకా ఆగకుండా తీగను మార్చుకొనడం.

త్యాగరాజస్వామి సంగీతంలో పెరిగినవారికి ఒక చిక్కు

శ్రుతి చిక్కు వీటన్నిటికన్నా రసవత్తరమైనది. స్థాయిని 1200 సెంట్లుగా విభజిస్తారు. పియానోలో అంతర గాంధారం 400 సెంట్ల దగ్గర ఉంటుంది. తంబురా పక్కన చెవికి హాయిగా కలిసే గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటుంది. స్టీల్ గిటారులో స్వరాలు ఒకదానితో ఒకటి కలిసి దీర్ఘంగా మోగుతవి కనుక, ఈ 14 సెంట్ల తేడా చెవిలో ముల్లులాగా గుచ్చుకుంటుంది. అందుకే చాలామంది వాదకులు యంత్రం చూపిన అంకెను కాక, చెవి చెప్పిన చోటును నమ్మి గాంధారాన్ని దించుతారు.

అక్కడితో కథ ముగియదు. ఈ వాద్యంలో రిషభం, అంటే 'ఎఫ్ షార్ప్', రెండు తీగలపై ఉన్నది. పెడల్ నొక్కనప్పుడు అది పంచమంతో కలవాలి. అందుకు షడ్జమానికి 9/8 నిష్పత్తిలో, 204 సెంట్ల దగ్గర ఉండాలి. పెడల్ నొక్కి ధైవతం తెచ్చినప్పుడు అదే రిషభం ధైవతంతో కలవాలి. అందుకు 10/9 నిష్పత్తిలో, 182 సెంట్ల దగ్గర ఉండాలి. ఒకే తీగ రెండు చోట్ల ఎట్లా ఉండగలదు? ఈ రెంటి మధ్య ఉన్న 81/80 నిష్పత్తిని మన శాస్త్రకారులు ప్రమాణశ్రుతి అన్నారు. చతుశ్శ్రుతి రిషభానికీ త్రిశ్రుతి రిషభానికీ ఉన్న తేడా ఇదే. టెనెసీలో ఒక గరాజ్‌లో కూర్చుని, ఒక అమెరికన్ వాద్యం అడుగున మరలు తిప్పుతూ నేను ఈ పాత స్నేహితుణ్ణి కలుసుకున్నాను!

దీనికి స్టీల్ వాదకులు మూడు దారులు కనిపెట్టారు. కొందరు రిషభాన్ని రెంటికీ మధ్యన నిలిపి రాజీపడతారు. కొందరు అన్నిటినీ పియానో పద్ధతిలోనే సమానంగా పంచుకుంటారు; ఎమన్స్ వంటి మహావాదకుడే తన చివరి దశలో ఆ పక్షం వహించాడు. మరికొందరు మొదటి పెడల్‌కు అదనపు కడ్డీ తగిలించి, పెడల్ నొక్కగానే రిషభం ఆ ప్రమాణశ్రుతి మేరకు దిగేటట్లు చేస్తారు. దీనిని కాంపెన్సేటర్ అంటారు. పైగా పెడళ్ళు నొక్కినప్పుడు పెరిగిన లాగుడుకు బల్ల తానే కొద్దిగా వంగి, నొక్కని తీగలు కూడా కొన్ని సెంట్లు దిగుతవి. కనుక ఏ అంకెల పట్టికా అన్ని వాద్యాలకూ సరిపోదు. చెవి, మర – రెండూ కావాలి.

సర్దుబాటు వేరు, మార్పు వేరు

ఇప్పుడు నా అభిప్రాయానికి వస్తాను. వాద్యం తన నిర్మాణానికి అనుగుణంగా సరిగా పనిచేసేటట్లు చూడడం సర్దుబాటు. దాని నిర్మాణాన్నే కొత్త అవసరానికి మలచడం మార్పు. మొదటిది ప్రతి విద్యార్థికీ మొదటి సంవత్సరంలోనే నేర్పవలసినది. రెండవది, తాను వాయించదలచిన స్వరం ఇప్పుడున్న అమరికలో దొరకదని రుజువైన తరువాత చేయవలసినది. నేను చేసిన తప్పు ఈ వరుస తిరగేయడమే. సర్దుబాటు తెలియకుండానే మార్పుకు దిగాను.

మార్పుకు ఒక మూల్యం కూడా ఉన్నది. ప్రామాణికమైన అమరికలో ఉన్న వాద్యం మీద నేర్చుకున్నవారు ఏ గురువు దగ్గరికైనా వెళ్ళవచ్చును, ఏ మిత్రుని వాద్యమైనా వాయించవచ్చును. తన ఒక్కనికే సరిపడే అమరిక చేసుకున్నవాడు ఒంటరి అవుతాడు. ఎమన్స్ చేసిన మార్పులు నిలిచినవంటే, అవి కొత్తవి కావడం వల్ల కాదు. వాటితో వినిపించిన సంగీతం వినినవారికి కావలసి వచ్చింది కనుక. మోకాళ్ళ ఎత్తును బట్టి మీట దూరం, కాళ్ళ పొడవును బట్టి పెడల్ ఎత్తు మార్చుకొనడం మాత్రం మార్పు కిందికి రాదు. అది చొక్కాను ఒంటికి తగినట్లు కుట్టించుకొనడం వంటిది. పొట్టివారు, చిన్నపిల్లలు ఇందుకు సంకోచించనక్కరలేదు.

"సంగీత విద్వాంసునికి మరలతో ఏమి పని? సాధన చేస్తే చాలదా?" అని మన పెద్దలు కొందరు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. రోజంతా మరలు తిప్పి, పది నిమిషాలైనా వాయించనివారిని నేనెరుగుదును. ఆ జాబితాలో నా పేరు కూడా కొంతకాలం ఉన్నది. కాని శ్రుతి తప్పిన వాద్యం మీద చేసే సాధన ఏమి నేర్పుతుంది? తప్పు స్వరాన్నే చెవికి అలవాటు చేస్తుంది; లేదా, చెవి మంచిదైతే, దాని మీద దానికే అనుమానం పుట్టిస్తుంది. రెండవదే ఎక్కువ హాని. ఇది ఊహించి చెప్పడం లేదు.

మా ఇంటి వీణ

మా అమ్మాయికి తొమ్మిదవ ఏట వీణ మొదలుపెట్టించాము. పనసకర్రతో చేసిన వీణను ఎంతో శ్రమపడి స్వదేశం నుంచి తెప్పించాము. నాలుగేళ్ళు చక్కగా నేర్చుకున్నది. ఒక జూలై నెలలో దూరపు ఊరిలో కార్యక్రమానికి కారు వెనుక డిక్కీలో వీణను పెట్టుకొని వెళ్ళాము. మధ్యలో భోజనానికి, బంధువుల పలకరింపుకు ఆగాము. కారు ఎండలో ఉన్నది. వీణ మీది ఇరవైనాలుగు మెట్లనూ పట్టి ఉంచేది మైనం. అది మెత్తబడి, మెట్లు కొన్ని కుంగి, కొన్ని ఒరిగి ఉండాలి. కంటికి తెలియనంత స్వల్పమైన మార్పు అది.

ఆ తరువాత అమ్మాయి "నాన్నా, తీగలు కలిపినా పైన గాంధారం కలవడం లేదు" అన్నది. "సాధన తగ్గింది, చెవి మొద్దుబారింది" అన్నాను. ఒకసారి కాదు, ఆ చలికాలమంతా అన్నాను. బిరడలు తిప్పి చూశాము గాని మెట్ల వైపు చూడాలన్న ఆలోచనే మాలో ఎవరికీ రాలేదు. గురువుగారు ఉండేది మూడు గంటల ప్రయాణంలో. మా అమ్మాయి అక్కడ ఆమె వీణ మీద బాగానే వాయించేది. ఆ చిన్న సంగతి కూడా నా కళ్ళు తెరిపించలేదు. వసంతం వచ్చేసరికి వీణకు ముసుగు పడింది. అమ్మాయి మళ్ళీ దానిని ముట్టుకోలేదు.

ఎన్నో ఏళ్ళ తరువాత, స్టీల్ గిటారుతో కుస్తీ పట్టి, స్వరం కలవకపోతే ముందు వాద్యాన్నీ తరువాత మనిషినీ అనుమానించాలని నేర్చుకున్నాక, ఒక ఆదివారం ఆ ముసుగు తీశాను. తీగలు కలిపి, శ్రుతి చూపే యంత్రాన్ని పక్కన పెట్టుకొని ఒక్కొక్క మెట్టే మీటి చూశాను. పై స్థాయి గాంధారం ఇరవై సెంట్లకు పైగా పక్కకు పోయి ఉన్నది. అది ఒక ప్రమాణశ్రుతి అంత తేడా! పదమూడేళ్ళ పిల్ల చెవి దానిని పట్టుకున్నది. పట్టభద్రుడైన తండ్రి పట్టుకోలేకపోయాడు.

ఆ రాత్రి అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. ఆమెకు ఇప్పుడు తన సంసారం, తన ఉద్యోగం. కాసేపు మాట్లాడలేదు. తరువాత "అయితే నా చెవి మంచిదేనా నాన్నా?" అన్నది. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఈ వ్యాసం రాశానని చెప్పినా తప్పు లేదు.

మరుసటి సంవత్సరం ఆ వీణను బొబ్బిలి ప్రాంతంలోని ఒక శిల్పి దగ్గరికి తీసుకొని వెళ్ళాను. మేళం కట్టడమంటే ఏమిటో అక్కడ కూర్చుని చూశాను. కాల్చిన ఇనుప పనిముట్టుతో మైనాన్ని మెత్తబరచి, మెట్టును నిలిపి, తీగ మీటి, విని, గోరంత జరిపి, మళ్ళీ విని, ఆయన ఒక్కొక్క మెట్టునూ దాని స్థానంలో కూర్చోబెట్టారు. యంత్రమేదీ లేదు, కొలతలన్నీ చెవిలోనే ఉన్నవి. నాష్‌విల్ వాదకుడు నైలాన్ మర దగ్గర చేసే పని కూడా ఇదే.

మనం చేయగలిగినది

మేళం కట్టడం రెండు రోజులలో వచ్చే విద్య కాదు. ఇంట్లో ప్రతివారూ మైనం కరిగించమని నేను చెప్పడం లేదు. కాని మేళం తప్పినదని గుర్తించడం ఎవరైనా నేర్చుకొనవచ్చును. తీగను సరిగ్గా మధ్యలో తేలికగా తాకి మీటితే పలికే పై షడ్జమమూ, పన్నెండవ మెట్టు మీద నొక్కి మీటితే పలికే షడ్జమమూ ఒకటి కావాలి. ఒక్క నిమిషం పట్టే ఈ పరీక్ష ఆనాడు నాకు తెలిసి ఉంటే మా ఇంట్లో వీణ ఆగేది కాదు. వాద్యాన్ని ఎండలో, కారు డిక్కీలో, చలికాలం వేడిగాలి వచ్చే గొట్టం పక్కన పెట్టకూడదని కూడా అందరమూ గుర్తుంచుకోవాలి.

మన సంఘాలు సంగీత పోటీలు నిర్వహిస్తవి, విద్వాంసులను పిలిపిస్తవి, సన్మానాలు చేస్తవి, అన్నీ చేయవలసినవే. వాటితోపాటు ఏడాదికి ఒక పూట, పిల్లలు తమ వీణలు, వయొలిన్లు, మృదంగాలు తెచ్చుకొని, వాటి శ్రుతి ఎట్లా నిలుస్తుందో, ఎందుకు తప్పుతుందో నేర్చుకొనే కార్యక్రమం ఒకటి ఉండాలని నా ప్రార్థన. స్టీల్ వాదకులు కలుసుకొన్నప్పుడు ఒకరి వాద్యాన్ని మరొకరు తిరగేసి చూసుకుంటారు. అందులో చిన్నతనం ఎవరికీ లేదు. ఎనభై ఏళ్ళ పెద్దాయన సైతం జేబులో అలెన్ కీతో వస్తారు. స్వరం వాద్యంలో ఎక్కడి నుంచి పుడుతుందో తెలిసినవానికి దాని మీద గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు.

ఇక తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లవాడు "స్వరం కలవడం లేదు" అన్నప్పుడు, "నీకు రావడం లేదు" అనేముందు, ఒకసారి వాద్యాన్ని చూడండి. తప్పు మెట్టుదైతే మైనంతో సరిపోతుంది, మరదైతే అలెన్ కీతో సరిపోతుంది. పిల్లల చెవి మీద వారికే నమ్మకం పోతే దానిని తిరిగి బిగించే మర ఏ అంగడిలోనూ దొరకదు.

మా వీణ ఇప్పుడు మా మనవరాలి దగ్గర ఉన్నది. మొన్న వెళ్ళినప్పుడు, వాయించడానికి కూర్చునేముందు ఆ పిల్ల పన్నెండవ మెట్టు పరీక్ష చేసి, "తాతయ్యా, సరిగ్గా ఉన్నది" అన్నది. మా అమ్మాయి వంటింటి గడప దగ్గర నిలబడి వింటున్నది.